1,84,46,74,40,73,70,95,51,615: ఒక సంఖ్యను విప్పిన డైరీ

మొదటి సాయంత్రం

చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇలా అరవై నాలుగో గడి దాకా రెట్టిస్తూ పోతే మొత్తం ఎన్ని గింజలు? ఈ లెక్క విననివారు తక్కువ. జవాబు 2⁶⁴−1 అని కూడా చాలామందికి తెలుసు. రాజుగారి ధాన్యాగారం చాలలేదని నవ్వుకోవడంతో కథ అయిపోతుంది, సంఖ్యను మాత్రం ఎవరూ మళ్ళీ తిరిగి చూడరు. దాన్ని ఏయే సంఖ్యలు భాగిస్తాయి, అవి ఎన్ని, దాన్ని వర్గాల మొత్తంగా రాయాలంటే ఎన్ని వర్గాలు కావాలి, ఇవన్నీ నా చేత్తో నేను తేల్చుకోవాలని ఈ నోటుపుస్తకం తెరిచాను. నియమం ఒకటే పెట్టుకున్నాను: ముందు కాగితం మీద చేయాలి, కంప్యూటర్ సరిచూసుకోవడానికే.

ఆ నియమాన్ని మొదటి రోజే తప్పి, తగిన శాస్తి చేయించుకున్నాను. అంకెలు ఎలా ఉంటాయో చూద్దామని స్ప్రెడ్‌షీట్‌లో 2⁶⁴−1 కొట్టాను. గడిని వెడల్పు చేస్తే 18446744073709600000 కనిపించింది. చివర అయిదు సున్నాలు! ‘2తో, 5తో, 100తో భాగించవచ్చు’ అని నోటుపుస్తకంలో ఎంచక్కా రాసేశాను. అరగంట తర్వాత గాని వెలగలేదు. మొదటి గడిలో ఒక్క గింజ, మిగతా అన్ని గడుల్లో సరి సంఖ్యలు. మొత్తం బేసి కాక మరేమవుతుంది?

తప్పు యంత్రానిది కాదు, దాన్ని అడగకూడనిది అడిగిన నాది. స్ప్రెడ్‌షీట్లు సంఖ్యను 53 బిట్ల కచ్చితత్వంతో దాచుకుంటాయి. 9007199254740992 దాటాక పక్కపక్కనున్న పూర్ణాంకాలను విడివిడిగా గుర్తుపెట్టుకోవడం వాటి వల్ల కాదు. పైగా తెర మీద చూపేది పదిహేను అంకెలే, తక్కిన చోట సున్నాలు పరుస్తాయి. ఆ పేజీని అడ్డంగా కొట్టేశాను గాని చింపలేదు.

రెండో సాయంత్రం

ఇక కాగితమే. 2⁸ అంటే 256. దాని వర్గం 65536. దాని వర్గం 4294967296, అంటే 2³². దీన్ని ఇంకొక్కసారి వర్గం చేసి ఒకటి తీసేస్తే చాలు. పది అంకెల సంఖ్యను ఒక్క పెట్టున గుణిస్తే వరుసలు కిందామీదా అవుతాయని రెండు ముక్కలు చేశాను: 42949, 67296.

మొదటి ముక్క వర్గం: 1844616601
రెండింటి లబ్ధానికి రెట్టింపు: 5780591808
రెండో ముక్క వర్గం: 4528751616

మొదటిదానికి పది సున్నాలు, రెండోదానికి అయిదు సున్నాలు చేర్చి, మూడోదాన్ని యథాతథంగా ఉంచి కూడాలి. కూడితే 18446744074339551616 వచ్చింది. సరైనదేనా? తొమ్మిదుల పరీక్ష పెట్టాను. 2 ఘాతాలను 9తో భాగిస్తే వచ్చే శేషాలు ఆరేసి మెట్లకొకసారి తిరిగివస్తాయి కనుక 2⁶⁴కు శేషం 2⁴ శేషమే, అంటే 7. నా జవాబుకూ 7 వచ్చింది. సంతోషించి పెన్సిలు కింద పెట్టాను. ఏ మూలో అనుమానం పీకి పదకొండుల పరీక్ష కూడా చేశాను. శేషం 5 రావాలి, 8 వచ్చింది.

వెనక్కి వెళ్ళి చూస్తే మధ్య వరుసను దించుకునేటప్పుడు 5780591808 బదులు 5780598108 అని రాశాను. 1, 8 చోట్లు మార్చుకున్నాయి. అంకెల మొత్తం మారలేదు కనుక తొమ్మిదుల పరీక్ష దాన్ని చూసీ చూడనట్టు వదిలేసింది. అంకెలు పక్కపక్కన తారుమారైతే పట్టేది పదకొండే. ఇకమీదట రెండు పరీక్షలూ చేయకుండా ఏ జవాబుకూ టిక్కు పెట్టేది లేదు.

సరిచేశాక 18446744073709551616. ఒకటి తీసేస్తే 18446744073709551615. మన పద్ధతిలో చదివితే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఆపైన నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్లు, ఆపైన తొంభై అయిదు లక్షల యాభై ఒక వేయి ఆరు వందల పదిహేను. ఒక్క ఊపిరిలో చదవడం నాకు కుదరలేదు.

సరిచూడటానికి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళలేదు. గణితాన్ని తెలుగు పద్యాల్లో చెప్పిన పాతకాలపు కవి పావులూరి మల్లన పద్యం ఉండనే ఉంది. చతురంగం గళ్ళ సంకలితాన్ని ఆయన మాటల్లో పేర్చాడు: శర, శశి, షట్క, చంద్ర, శర, సాయక, రంధ్ర, వియత్, నగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు. బాణాలు 5, చంద్రుడు 1, షట్కం 6, మళ్ళీ చంద్రుడు 1, బాణాలు 5, 5, రంధ్రాలు 9, ఆకాశం 0, కొండలు 7, అగ్నులు 3, కొండలు 7, ఆకాశం 0, సముద్రాలు 4, వేదాలు 4, కొండలు 7, తర్కాలు 6, సముద్రాలు 4, బ్రహ్మ ముఖాలు 4, ఏనుగులు 8, చల్లని కిరణాలవాడు 1. కుడి నుంచి ఎడమకు నా కాగితం మీద వేలు పెట్టి జరుపుకుంటూ పోయాను. ఇరవై అంకెలూ కలిశాయి.

పద్యం ఒకట్ల స్థానం నుంచి మొదలవడం సంప్రదాయం కొద్దీ అనుకునేవాణ్ణి. చేత్తో కూడుతుంటే అంకెలు పుట్టే వరుస కూడా అదే. బల్ల దగ్గర లెక్క చేసేవాడు చెబుతుంటే పక్కనున్నవాడు రాసుకున్నట్టుగా ఉంది.

మూడో సాయంత్రం

కారణాంకాల పని. కష్టపడదామని సిద్ధమై కూర్చుంటే సగం పని బడిలో నేర్చుకున్న సూత్రమే చేసిపెట్టింది. వర్గాల భేదం: ఒక వర్గం నుంచి ఒకటి తీసేస్తే, దాని మూలానికి ఒకటి తగ్గించి ఒకటి పెంచి గుణించినట్టే. కనుక

2⁶⁴−1 = (2³²−1)(2³²+1)

ఎడమ ముక్క కూడా వర్గానికి ఒకటి తక్కువే. దాన్నీ అలాగే విడదీస్తే, విడదీసినదాన్ని మళ్ళీ విడదీస్తే, చివరికి ఒకే వరుస:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

అంకెల మొత్తం 87, కనుక 3తో భాగించబడుతుంది, 9తో కాదు. చివరి అంకె 5. ఈ రెండూ చూడగానే తెలిసేవే. 7 సంగతి చూశాను. 2 ఘాతాలను 7తో భాగిస్తే శేషాలు 2, 4, 1, మళ్ళీ 2, 4, 1. మూడేసి మెట్ల చక్రం. 64లో మూడేసి చొప్పున ఇరవై ఒక్కసార్లు పోగా ఒకటి మిగులుతుంది, కనుక 2⁶⁴కు శేషం 2, మన సంఖ్యకు 1. అంటే 7 భాగించదు. ఒక ప్రధాన సంఖ్య మన సంఖ్యను భాగించాలంటే దాని చక్రం పొడవు 64ను భాగించాలి. అంటే అది 2, 4, 8, 16, 32, 64 వీటిలో ఒకటి కావాలి. మూడు మెట్ల 7కూ, పది మెట్ల 11కూ, పన్నెండు మెట్ల 13కూ ఇక్కడ చోటు లేదు.

నాలుగో సాయంత్రం

పై ఆరింటినీ ఫెర్మా సంఖ్యలంటారు. 2, 4, 16, 256, 65536 ఇలా ప్రతిదీ ముందుదానికి వర్గం, ఒక్కొక్కదానికి ఒకటి కలపడమే. ఇవన్నీ ప్రధాన సంఖ్యలేనని పదిహేడో శతాబ్దంలో ఫెర్మా నమ్మాడు. మొదటి అయిదింటి విషయంలో ఆయన మాట నిజం. ఆరోది 4294967297. దాన్ని 641 భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపాడు.

నా ప్రశ్న: 641 దాకా వెళ్ళడానికి ఎన్ని భాగహారాలు చేయాలి? వరుసగా ప్రధాన సంఖ్యలన్నిటితో ప్రయత్నిస్తే నూటికి పైనే. కాని చక్రం మాట ఇక్కడ పనికొస్తుంది. ఒక ప్రధాన సంఖ్య 2³²+1ను భాగిస్తే, దానికి 2³² శేషం −1, 2⁶⁴ శేషం 1. కనుక చక్రం పొడవు సరిగ్గా 64. చక్రం పొడవు ఎప్పుడూ ఆ ప్రధాన సంఖ్యకు ఒకటి తక్కువైనదాన్ని భాగిస్తుంది (ఇది ఫెర్మాదే, ఆయన వలలో ఆయన సంఖ్యే పడింది). అంటే అది 64 గుణిజానికి ఒకటి ఎక్కువ. లూకాస్ 1878లో దీన్ని ఇంకా బిగించి 128 గుణిజానికి ఒకటి ఎక్కువ కావాలన్నాడు.

129 ప్రధానం కాదు. 257 ప్రధానమే, కాని 4294967297ను దానితో భాగిస్తే 2 మిగులుతుంది. 385, 513 ప్రధానాలు కావు. తర్వాతిది 641. రెండో భాగహారానికే తెగింది:

641 × 6700417 = 4294967297

భాగహారం కూడా లేకుండా చూపే దారి ఒకటుంది. 641 అంటే 5×128+1. అదే 641 అంటే 625+16, అంటే 5⁴+2⁴ కూడా. మొదటిదాన్ని బట్టి 5×2⁷కు శేషం −1. నాలుగో ఘాతానికి తీసుకెళ్తే 5⁴×2²⁸కు శేషం 1. రెండోదాన్ని బట్టి 5⁴ ఉన్నచోట −2⁴ పెట్టుకోవచ్చు. పెడితే −2³²కు శేషం 1, అంటే 2³²+1కు శేషం 0. మూడు వరుసల్లో అయిపోయింది. ఈ పేజీకి మడత పెట్టుకున్నాను, ఊరికే చూసుకోవడానికి.

257, 65537 కూడా ప్రధానాలేనని నాకు నేను తేల్చుకోవాలి కదా. 257కు పదహారు దాకా చూస్తే చాలు, తగిన రూపంలో అంత చిన్న సంఖ్యే లేదు. 65537కు 256 దాకా చూడాలి. ఇక్కడ చక్రం పొడవు 32, లూకాస్ బిగింపుతో 64. 64 గుణిజానికి ఒకటి ఎక్కువైనవి 65, 129, 193. ప్రధానం 193 ఒక్కటే. భాగిస్తే లబ్ధం 339, శేషం 110. అంతే, ఒకే ఒక్క భాగహారం.

అయిదో సాయంత్రం

6700417 మిగిలింది. దీని వర్గమూలం 2588 పైచిలుకు. అంతవరకు 370కి పైగా ప్రధాన సంఖ్యలున్నాయి. కాని దీన్ని భాగించేది 4294967297ను కూడా భాగించాలి, కనుక నిన్నటి జల్లెడ ఇక్కడా పనిచేస్తుంది. 128 గుణిజానికి ఒకటి ఎక్కువైనవి 2588 లోపు ఇరవై ఉన్నాయి. ఒక్కొక్కటే పరీక్షించాను. 1537 కాసేపు ఏడిపించింది, చివరికి 29×53గా విడిపోయింది. 1793 అంటే 11×163, 1921 అంటే 17×113, 2177 అంటే 7×311, 2561 అంటే 13×197. అన్నీ పోగా నిలిచినవి అయిదు: 257, 641, 769, 1153, 1409. 257 నిన్ననే పోయింది. ఇక నాలుగు భాగహారాలు.

641తో: లబ్ధం 10453, శేషం 44
769తో: లబ్ధం 8713, శేషం 120
1153తో: లబ్ధం 5811, శేషం 334
1409తో: లబ్ధం 4755, శేషం 622

కనుక 6700417 ప్రధాన సంఖ్య. మొత్తం చిట్టా:

3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు ప్రధానాలు, ఏదీ రెండుసార్లు లేదు.

ఆరో సాయంత్రం

చిన్న పని. ప్రతి ప్రధానాన్నీ తీసుకోవచ్చు, వదిలేయవచ్చు. ఏడుసార్లు రెండేసి దారులు, కనుక భాజకాలు 128. భాజకాలన్నిటి మొత్తాన్ని సంఖ్యతో పోలిస్తే దాదాపు 1.7034 రెట్లు. రెండు రెట్లయితే పరిపూర్ణ సంఖ్య అయ్యేది, ఆ దరిదాపుల్లో లేదు. ఇందులో నాకు పెద్ద రుచి కనిపించలేదు.

మన సంఖ్యతో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని, దానికన్నా చిన్న సంఖ్యలెన్ని అన్న లెక్క మాత్రం బాగుంది. ప్రతి ప్రధానం నుంచి ఒకటి తగ్గించి గుణించాలి: 2, 4, 16, 256, 65536 అన్నీ 2 ఘాతాలే. ఈ అయిదింటి లబ్ధం సరిగ్గా 2³¹. 4294967297 ప్రధానమై ఉంటే దాని నుంచి 2³² వచ్చి, మొత్తం నిక్కచ్చిగా 2⁶³ అయ్యేది, అంటే గింజల్లో సగానికి సగం. 641 అడ్డుపడింది. 640×6700416తో గుణిస్తే 9208981628670443520. సగానికి 14390408184332288 తక్కువ. బల్ల మొత్తం మీద చూస్తే వెయ్యికి ఒకటి కూడా తగ్గలేదు గాని, పొందిక చెడింది.

ఎనిమిదో సాయంత్రం

(ఏడో సాయంత్రం గీతలు గీయడంతోనే గడిచింది.)

మేరు ప్రస్తారాన్ని 64 వరుసలు వేశాను. పాస్కల్ త్రిభుజం అన్నా అదే: అంచుల్లో 1, లోపల ప్రతి సంఖ్యా పైనున్న రెండింటి మొత్తం. అసలు సంఖ్యలు కాకుండా సరి అయితే ఖాళీ, బేసి అయితే నలుపు. పై వరుసలోని రెండు పక్క గడులు ఒకేలా ఉంటే కింద ఖాళీ, వేర్వేరుగా ఉంటే నలుపు. మొత్తం 2080 గడులు, వాటిలో నల్లనివి 3⁶, అంటే 729 రావాలి. నా లెక్కకు 727 వచ్చాయి. వరుసల వారీగా మళ్ళీ చూస్తే నలభై అయిదో వరుసలో ఎనిమిది ఉండవలసిన చోట ఆరే రుద్దాను. రెండూ నింపాక సరిపోయింది. వేళ్ళు సీసపు రంగయ్యాయి.

ఇప్పుడు ప్రతి వరుసనూ ద్విసంఖ్యామానంలో చదివాను, నలుపు 1, ఖాళీ 0. పైనుంచి: 1. తర్వాత 11, అంటే 3. తర్వాత 101, అంటే 5. తర్వాత 1111, అంటే 15. తర్వాత 10001, 110011, 1010101, 11111111: ఇవి 17, 51, 85, 255. ఆపైన 257. అన్నీ మన చిట్టాలోనివే, ఫెర్మా సంఖ్యలూ వాటి లబ్ధాలూ. ముప్పై మూడో వరుసలో రెండు చివరలా ఒక్కో నలుపు, మధ్యలో 31 ఖాళీలు: 4294967297. అరవై నాలుగో వరుస మొత్తం నలుపు, ఖాళీ అన్నది లేదు. 64 ఒకట్లు. అదే మన సంఖ్య. ఏడు రోజులుగా తవ్వుతున్నది ఈ కాగితం అడుగు గీతగా కనిపించింది.

రెండో వరుస నుంచి ముప్పై రెండో వరుస దాకా వచ్చే 31 సంఖ్యలకు ఇంకో విశేషముంది. వృత్తలేఖిని, స్కేలు మాత్రమే వాడి గీయగల క్రమ బహుభుజుల్లో బేసి భుజాలవి ఇప్పటికి తెలిసినంతలో ఈ 31 మాత్రమే. పదిహేడు భుజాలది సాధ్యమని 1796లో గాస్ తేల్చాడు, అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్ళు. 65537 భుజాలదాని మీద హెర్మెస్ అనే ఆయన పదేళ్ళు కూర్చున్నాడు. ఆయనతో పోలిస్తే నా గీతల సాయంత్రం ఏపాటిది! ముప్పై మూడో వరుస దగ్గర ఈ మేళం ఆగిపోతుంది, కారణం మళ్ళీ 641. దాని నుంచి ఒకటి తీస్తే వచ్చే 640లో 5 కూడా దూరింది, 2 ఘాతం కాలేకపోయింది. అందుకే 641 భుజాలదాన్ని గీయలేం.

128 భాజకాల్లో 64 ఈ త్రిభుజపు వరుసలే. తక్కిన 64లో 641 గాని 6700417 గాని, రెండింట్లో ఒక్కటే ఉంటుంది.

తొమ్మిదో సాయంత్రం

ఫెర్మా ఎందుకు పొరబడ్డాడో నా మటుకు నేను ఒక పరీక్ష చేసుకున్నాను. ఆయన సిద్ధాంతం ప్రకారం ఒక సంఖ్య ప్రధానమైతే, 2ను ఆ సంఖ్యకు ఒకటి తక్కువ ఘాతానికి తీసుకెళ్తే శేషం 1 రావాలి. 4294967297కు ఆ ఘాతం 2³². చక్రం పొడవు 64, అది 2³²ను భాగిస్తుంది, కనుక శేషం 1. పరీక్షలో ఉత్తీర్ణం! ప్రధానం కాకపోయినా. 2తో పరీక్షిస్తే ఏ ఫెర్మా సంఖ్యా పట్టుబడదు.

3తో పట్టుబడుతుంది. పెపాన్ 1877లో ఇచ్చిన పరీక్ష: 3ను వర్గం చేయడం, 4294967297తో భాగించి శేషం ఉంచుకోవడం, ఇలా 31 సార్లు. చివరికి 4294967296 వస్తే ప్రధానం, రాకపోతే కాదు. మొదటి అయిదు చేత్తో చేశాను: 9, 81, 6561, 43046721, ఆపైన 3793201458. తర్వాతివి ప్రోగ్రాముకు అప్పగించాను. ఆరో వర్గానికే రుణ సంఖ్య తెచ్చింది. ధన, రుణ సంఖ్యలు రెండూ పట్టే 64 బిట్ల పెట్టెలో 9223372036854775807 దాటినది పట్టదు. రుణాలు లేని పెట్టెకు మార్చాను. దాని పరిమితి ఎంతో చెప్పాలా? 18446744073709551615. మన సంఖ్యే కొలపాత్ర అయింది. శేషాలు 2³² కన్నా చిన్నవిగా ఉన్నంతకాలం వాటి వర్గాలు అందులో ఇమిడిపోతాయి.

31 వర్గాల తర్వాత 10324303. రావలసింది కాదు, కనుక ప్రధానం కాదు. ఇంకొక్క వర్గం నేనే వేశాను: 106591232435809. దీన్ని 4294967297తో భాగిస్తే లబ్ధం 24817, శేషం 3029026160. ఒకటి రావలసిన చోట ఇది. కారణాంకం ఏదో చెప్పకుండానే ‘నేను విడిపోతాను’ అని సంఖ్య ఒప్పుకోవడమన్నమాట.

పదో సాయంత్రం

ఒంట్లో బాగాలేదు. హనోయ్ గోపురం గురించి నాలుగు ముక్కలు రాసి పడుకుంటాను. 1883లో ఆ ఆటను బయటపెట్టింది ఈ లూకాసే. మూడు కడ్డీల మధ్య, ఒక్కొక్కటిగా, చిన్నదాని మీద పెద్దది పెట్టకుండా 64 పళ్ళేలను ఒక కడ్డీ నుంచి మరోదానికి మార్చడానికి కావలసిన ఎత్తులు సరిగ్గా మన సంఖ్య. సెకనుకొక ఎత్తు చొప్పున దాదాపు 58,450 కోట్ల సంవత్సరాలు. అన్నిటికన్నా పెద్ద పళ్ళెం కదిలేది ఒక్కసారే. అన్నిటికన్నా చిన్నది 2⁶³ సార్లు కదులుతుంది.

పన్నెండో సాయంత్రం

ఆఖరి ప్రశ్న, వర్గాల మొత్తం. రెండు వర్గాలుగా కుదరదు, ఎందుకంటే రెండు వర్గాల మొత్తాన్ని 3 భాగిస్తే 9 కూడా భాగించి తీరాలి, ఇక్కడ 3 ఒక్కసారే ఉంది. మూడు వర్గాలుగా కూడా కుదరదు: 8తో భాగిస్తే 7 మిగులుతుంది. ఒక వర్గాన్ని 8తో భాగిస్తే మిగిలేది 0, 1, 4 మాత్రమే, వీటిలో మూడింటిని ఎలా కూడినా 7 రాదు. ప్రతి సంఖ్యకూ నాలుగు చాలునని 1770లో లగ్రాంజ్ నిరూపించాడు. చాలు సరే, ఆ నాలుగూ ఏవి?

బ్రహ్మగుప్తుడి సూత్రం పట్టుకున్నాను. రెండు వర్గాల మొత్తాన్ని మరో రెండు వర్గాల మొత్తంతో గుణిస్తే మళ్ళీ రెండు వర్గాల మొత్తమే వస్తుంది. 3 తప్ప మిగతా ఫెర్మా సంఖ్యలన్నీ పుట్టుకతోనే ‘ఒక వర్గం, ఒకటి’. వరుసగా కలిపాను.

5, 17 కలిపితే 85 = 7²+6²
257 చేరితే 21845 = 106²+103²
65537 చేరితే 1431655765 = 27033²+26474²
4294967297 = 65536²+1 చేరితే 1771608214, 1735027097

ఈ చివరి రెండింటి వర్గాల మొత్తం మన సంఖ్యలో మూడో వంతు. మూడు రెట్లు చేయడం తేలిక: రెండు సంఖ్యల మొత్తం వర్గం, భేదం వర్గం కలిస్తే వాటి వర్గాలకు రెట్టింపు. విడి వర్గాలను ఇంకోసారి కలిపితే మూడు రెట్లు. కనుక

3506635311² + 36581117² + 1771608214² + 1735027097²

చివరి మూడేసి అంకెలు: 721, 689, 796, 409. కూడితే 2615, చివర 615. తొమ్మిదులతో 6, పదకొండులతో 4, మన సంఖ్యకూ అంతే. రెండు టిక్కులు పెట్టాను.

ఇంతసేపూ 641 ఊసే రాలేదని అప్పుడు గమనించాను. 4294967297ను విడదీయకుండానే వాడుకున్నాను మరి. విడదీస్తే? 641 = 25²+4². 6700417 = 2556²+409². కలిపితే 4294967297 = 62264²+20449². అంటే 65536²+1 కాక ఇంకో జత. నాలుగు గుణిజానికి ఒకటి ఎక్కువైన ప్రధాన సంఖ్యను రెండు వర్గాలుగా ఒకే విధంగా రాయగలం. ఇక్కడ రెండు విధాలు దొరికాయి. ఆరో ఫెర్మా సంఖ్య ప్రధానం కాదనడానికి ఇది ఈ నోటుపుస్తకంలో మూడో సాక్ష్యం. 20449 అంటే 143 వర్గం కావడం అదనపు ముచ్చట.

కొత్త జతను పాతదాని చోట పెట్టి 27033, 26474తో మళ్ళీ గుణించాను. పేజీ అడుగున చోటు చాలక అంచు మీద నిలువుగా రాశాను:

3342990839² + 1059359067² + 2201174953² + 1141815886²

చివరి అంకెలు 921, 489, 209, 996. కూడితే మళ్ళీ 2615.